పంపు దొరకలేదు

ఆసుపత్రిలో అందరికీ అతను గొణుగుడు. కంప్యూటరులో కొట్టే ప్రతి మాటనీ పెదాల మీద పలికితే గాని అతని వేళ్ళు కదలవు. నర్సులు పెట్టిన పేరది. మొదట్లో ఒళ్ళు మండేది. రానురాను ఆ పేరుతో పిలిస్తేనే వెనక్కి తిరిగే స్థితికి వచ్చాడు.

అతని గది నేలమాళిగలో, మెట్ల కింద. ఒక పక్క నిటారుగా నిలబడొచ్చు, ఇంకో పక్క వంగాల్సిందే. కిటికీ లేదు. పైన ఎవరు దిగుతున్నారో చెప్పుల చప్పుడుని బట్టి చెప్పగలడు. పక్క గదిలో స్కాన్ మిషను ఉంది. అది తీసిన బొమ్మలన్నీ ఇతని కంప్యూటరులో వచ్చి పడతాయి. వాటిని చదివి ఇదీ జబ్బని తేల్చే పెద్ద డాక్టరు ఈ ఆసుపత్రిలో ఉండడు. నదికి అవతల, పెద్ద శాఖలో ఉంటాడు. బొమ్మల్ని ఏ రోగివి ఆ రోగికి విడదీయాలి, మసకబారినవీ రెండుసార్లు పడినవీ తీసెయ్యాలి, అవతలికి పంపాలి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గొణుగుడు పని అదే.

"దీనికి పెద్ద చదువక్కర్లేదయ్యా, ఓపికుంటే చాలు" అనేవాడు సూపర్వైజరు. ఓపిక గలవాళ్ళకి జీతం పెంచనక్కర్లేదని అతని నమ్మకం.

గొణుగుడుకి చదువు లేని మాట నిజమే. కానీ చదవడం అంటే ఆకలి. కాలిబాట మీద కుప్పపోసి అమ్మే పాత పుస్తకాల్లో, అట్టలు ఊడిపోయినవీ మధ్యలో పేజీలు పోయినవీ ఏరుకుని తెచ్చుకునేవాడు. కంప్యూటరుతో షెల్ భాషలో మాట్లాడటం అలాగే నేర్చుకున్నాడు. తెర మీద ఒక నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఒక మాట కొడితే ఒక పని జరుగుతుంది. పది పనుల్ని మూటగట్టి ఒక కొత్త మాటకి తగిలించొచ్చు. ఆ మూటని ఫంక్షన్ అంటారు. ఆ పేజీ చదివిన రోజు అతను కుర్చీలోంచి లేచి, ఆ సంతోషంలో మెట్లకి తల కొట్టుకున్నాడు.

అతను మూడు మూటలు కట్టాడు. వాటికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లు పెట్టాడు: సర్దు, తుడు, పంపు.

అవి అక్క మాటలు. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. ముందుగదిలో కుట్టు మిషను, వెనకగదిలో పొయ్యి, ఆ రెంటికీ మధ్య ఇతను. అక్క కాలు మిషను మీంచి తియ్యకుండానే ఇల్లు నడిపేది. కుట్టిన బట్టల వైపు గడ్డంతో చూపించి "సర్దు" అనేది. చమురు మరక పడ్డ మిషను పలక చూపించి "తుడు" అనేది. మూట కట్టాక "పంపు" అనేది. ఎవరికి పంపాలో, ఏ వీధిలో ఇల్లో చెప్పేది కాదు. వాడికి తెలుసు కదా. నల్ల కిటికీకి కూడా అంతే, ఆ మూడు మాటలు చాలేవి.

అక్క పెళ్ళయ్యాక కూడా ఆ మాటలు మారలేదు, వినేవాళ్ళు ఇద్దరయ్యారంతే. బావ టైల్సు పరిచే మేస్త్రీ. "మీ అక్క దగ్గర మూడే మాటలున్నాయిరా, నాలుగోది ఉంటే నా మీదే వాడేది" అనేవాడు.

మొన్నీమధ్య అక్క వీధి మొగలో ఒక చిన్న షాపు గది అద్దెకి తీసుకుంది. ఇంట్లోంచి మిషను అక్కడికి మార్చాలి. తమ్ముడికి ఫోను చేసింది.

"ఒక్కరోజు రారా. మిషను నువ్వే మోసి పెట్టాలి."

"బావ లేడా? కూలివాళ్ళు లేరా?"

"ఉన్నారు. నువ్వు లేవు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి నీ మొహం సరిగ్గా చూశానా నేను? ఆ మెట్ల కింద బొద్దింకలకే నాకంటే బాగా తెలుసు నువ్వు."

సెలవు అడగటానికి వెళితే సూపర్వైజరు నవ్వాడు. "నువ్వెళ్తే బొమ్మలెవరు పంపుతారు? మీ బావ వచ్చి కూర్చుంటాడా?"

"ఎవరూ కూర్చోనక్కర్లేదండీ. దానంతట అదే పంపేలా రాస్తాను."

"రాసి చూపించు. ఇంకో మాట. ఏదైనా తేడా వస్తే నాకు రాకూడదు. ఫిర్యాదుల డెస్కుకి పోవాలి. వాళ్ళు చూసుకుంటారు."

గొణుగుడు రాశాడు. ఒక ఫైలులో వరసగా సర్దు, తుడు, పంపు అని పెట్టి, కొద్దికొద్ది నిమిషాలకి దాన్ని లేపమని కంప్యూటరులోని గడియారానికి అప్పజెప్పాడు. అలా రాసిపెట్టిన ఫైలునే స్క్రిప్టు అంటారు. తేడా వస్తే ఆ తప్పు సందేశం ఫిర్యాదుల డెస్కుకి పోయేలా కట్టాడు. సూపర్వైజరు వెనక నిలబడి చూస్తుండగా, తన నల్ల కిటికీలో ముందు ఒక చుక్క, తర్వాత స్క్రిప్టు పేరు కొట్టాడు. అట్టలేని ఏదో పుస్తకంలోంచి పట్టుబడ్డ అలవాటది, ముందు చుక్క పెట్టడం. బొమ్మలు చకచకా సర్దుకున్నాయి, తుడుచుకున్నాయి, నది దాటిపోయాయి.

"బాగానే ఉందే" అన్నాడు సూపర్వైజరు. ఆయన నోట్లోంచి అంత మంచి మాట రావడం అదే మొదలు.

తెల్లారి గొణుగుడు అక్క ఇంట్లో ఉన్నాడు. మిషను బల్లకి ఒక చివర తను, ఇంకో చివర బావ. గడప దాటించేటప్పుడు బావ వేలు నలిగి కేక పెట్టాడు.

"మెల్లగా! మిషనుకి దెబ్బ తగులుతుంది" అంది అక్క.

"నా వేలు?"

"నీకు ఇంకా తొమ్మిదున్నాయి."

కొత్త గదిలో సున్నం వాసన. మిషనుని కిటికీ పక్కన పెట్టారు. అక్క బల్ల మీద చెయ్యి ఆన్చి, కిటికీలోంచి వీధిని, వీధిలోంచి తన మిషనుని ఎవరైనా చూస్తున్నారా అన్నట్టు అటూ ఇటూ చూసింది. తర్వాత దారపు కండెల పెట్టె వైపు గడ్డంతో చూపించింది.

"సద్..." అంది.

గొణుగుడు నవ్వాడు. వెక్కిరిస్తోందనుకున్నాడు. అక్క మళ్ళీ అంది, "సద్... సద్..." ఆమె నోరు ఒక పక్కకి జారింది, పిన్నులు ఊడిన గుడ్డలాగా. కుడి చేయి బల్ల మీంచి కింద పడింది. పడిన చేతి వైపు, అది ఎవరిదో అన్నట్టు చూసింది.

బావ ఆమెని ఎత్తుకున్నాడు. గొణుగుడు రోడ్డు మధ్యలో నిలబడి అద్దె కారు ఆపాడు. "మా ఆసుపత్రికి, మా ఆసుపత్రికి" అంటుంటే, మీ ఆసుపత్రి ఎక్కడని డ్రైవరు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

డ్యూటీ డాక్టరు కుర్రాడు, కానీ చురుకైనవాడు. చూడగానే స్కానుకి తోయించాడు. బయటికొచ్చి బావతో అన్నాడు: "మెదడుకి రక్తం ఆగిందా, లేక రక్తనాళం చిట్లిందా తేలాలి. ఆగిందైతే మంచి మందుంది. కానీ చిట్లినప్పుడు అదే మందిస్తే ప్రాణం పోతుంది. పెద్ద డాక్టరుగారు బొమ్మ చూసి చెప్పాలి. చెప్పగానే మందు పెడతాం. ఎంత తొందరగా పెడితే అంత మంచిది. ఆలస్యమైతే ఇక ఇవ్వకూడదు."

"బొమ్మ ఆయనకి వెళ్ళిందంటారా?" అన్నాడు బావ.

జవాబు గొణుగుడు చెప్పాడు. "అది నేను రాసిన స్క్రిప్టు బావా. బొమ్మ పడటమే ఆలస్యం, వెళ్ళిపోతుంది. మనిషి అక్కర్లేదు."

ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

అక్కని వరండా చివర తెరలు కట్టిన మంచం మీద పడుకోబెట్టారు. అప్పటికింకా కొన్ని మాటలు వస్తున్నాయి. "నీళ్ళు" అంది. నర్సు ఇవ్వకూడదంది, దూదితో పెదాలు తడిపింది. "మిషను" అంది. "తాళం వేశానే, నువ్వు పడుకో" అన్నాడు బావ. తమ్ముడి వైపు చూసి ఏదో అనబోయి, అది వేరే ఏదో అయ్యి, తనకే అర్థంకాక కనుబొమలు ముడిచింది.

కబురు రాలేదు.

డ్యూటీ డాక్టరు అవతలికి ఫోను చేశాడు. పెద్ద డాక్టరు వేరే రోగి దగ్గరున్నారు, బొమ్మ రాగానే చూస్తారని అక్కడెవరో చెప్పారు. ఆ చెప్పడంలోనే సంగతంతా ఉంది. అయినా విన్నవాళ్ళెవరికీ తట్టలేదు. డాక్టరు వచ్చి "చూస్తారట" అన్నాడు. గొణుగుడు దాన్ని పొగరనుకున్నాడు.

"చూడ్డానికి ఇంతసేపా? బొమ్మ ఎదురుగా ఉంటే కళ్ళు పోయాయా ఆయనకి? అదే ఆయన అక్కయితే?"

"నెమ్మదిగా..." అంది నర్సు.

"మీకేం, నెమ్మదిగానే ఉంటారు. నెమ్మదిగా ఉన్నా జీతం వస్తుంది కదా."

ఈ నర్సే మొదట్లో అతనికి గొణుగుడని పేరు పెట్టింది. ఇప్పుడతని గొంతు వరండా అంతా వినపడుతోంది.

గోడ గడియారం చూడకూడదనుకున్నాడు, చూస్తూనే ఉన్నాడు. అక్క ఎడమ చేత్తో అతని వేళ్ళు పట్టుకుంది. మాటలు ఒక్కొక్కటే తగ్గాయి. నీళ్ళు పోయింది. మిషను పోయింది. తర్వాత పెదాలు కదిలేవి, గాలి వచ్చేది. కాలు కాలిన పిల్లిలా బావ తెర అవతలికీ ఇవతలికీ తిరుగుతున్నాడు. గొణుగుడు మనసులో నది అవతలి డాక్టరుని, ఆయన కుర్చీని, ఆయన తినే తిండిని తిట్టుకుంటూ కూర్చున్నాడు. అంత చక్కగా, అంత వివరంగా అతను జన్మలో ఎవర్నీ తిట్టలేదు.

అప్పుడు వరండాలో ఎవరో పోట్లాడుకుంటూ వచ్చారు. ప్లంబరు, ఊడ్చే ఆమె. ప్లంబరు భుజాన పానాల సంచి, ఆమె చేతిలో కొత్త గుడ్డ కట్టిన కర్ర.

"నాకు చెప్పకు అమ్మా" అంటున్నాడు ప్లంబరు. "ఫిర్యాదుల డెస్కు నుంచి ఒకటే ఫోన్లు. స్కాన్ గదిలో పంపు దొరకలేదు, పంపు దొరకలేదు అని. పొద్దుట్నుంచీ అదే పాట. అక్కడికి వెళితే పంపూ లేదు, గొట్టమూ లేదు, ఆఖరికి నీటి చుక్క కూడా లేదు. లేని పంపు ఎక్కడ వెతకను?"

"నీకు పంపేగా? నాకు తుడు దొరకలేదని చెప్పారు. తుడు ఏంటి? తుడిచే గుడ్డేమోనని కొత్తది వేసుకొచ్చా. అక్కడ నేల అద్దంలా ఉంది. నిన్ననే తుడిచా నేను."

"ఇంకొకడున్నాడు, సర్దు అట. వాడూ దొరకలేదట. వాడెవడో దొరికితే మిగతావి వాడినే అడుగుదాం."

బావ ఆ బాధలోనూ తల తిప్పి చూశాడు. గొణుగుడు చెయ్యి అక్క చేతిలోంచి జారిపోయింది.

అతను పరిగెత్తాడు. మెట్లు దిగాడో దూకాడో తెలీదు. గది తలుపు తీసేసరికి తెర మీద పొద్దున్నుంచి పడిన బొమ్మలన్నీ కుప్పగా, పడినవి పడినట్టే ఉన్నాయి. విరిగిన చెయ్యి, ఎవరి ఊపిరితిత్తులో, ఒక పాప మోకాలు, అన్నిటికంటే కింద అక్క తల. ఒక్కటీ కదల్లేదు.

నల్ల కిటికీ తెరిచాడు. సర్దు. తుడు. పంపు. ఈసారి గొణగలేదు, అరిచాడు. కంప్యూటరు ఎప్పట్లాగే వినయంగా మూడు పనులూ చేసింది. అక్క తల నది దాటింది.

టేబులు మీది ఫోను దాదాపు వెంటనే మోగింది. అవతల పెద్ద డాక్టరే. పొగరు లేదు, అలిసిపోయిన గొంతు. "బొమ్మ ఇప్పుడా పంపేది? మీ డ్యూటీ డాక్టరు ఫోను చేశాడని తెలిసినప్పట్నుంచీ దీని కోసమే చూస్తున్నాను నేను. రక్తం ఆగిందే, నాళం చిట్లింది కాదు. పొద్దున్నే వచ్చి ఉంటే మందు ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు ఇవ్వకూడదు." కాస్త ఆగి, "ఎవరండీ మాట్లాడేది?" అన్నాడు.

గొణుగుడు ఏం చెప్పాడో అతనికే గుర్తులేదు.

తర్వాత సూపర్వైజరు వచ్చి వెనక నిలబడ్డాడు. మిగతా రోగుల బొమ్మలు ఆగిపోకూడదు కదా, ముందు దాన్ని బాగుచెయ్యి, తర్వాత పైకి పో అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. అదే అన్నిటికంటే చేదుగా ఉంది.

జరిగిందేమిటో గొణుగుడుకి అప్పటికే తెలిసిపోయింది. సర్దు, తుడు, పంపు అనే మాటలు ఆ నల్ల కిటికీ సొంతం. అతను కిటికీ తెరిచినప్పుడల్లా అది వాటిని ఒక ఫైలులోంచి చదువుకుంటుంది, అందుకే దానికి తెలుసు. గడియారం లేపే స్క్రిప్టు ఆ కిటికీలో నడవదు. దానికి వేరే షెల్, కొత్తది, ఖాళీది. ఆ ఫైలు అది చదవదు, ఆ మాటలు దానికి ఎవరూ చెప్పలేదు. అందుకే లేచినప్పుడల్లా సర్దు దొరకలేదు, తుడు దొరకలేదు, పంపు దొరకలేదు అని డెస్కుకి సందేశం పెడుతూ వచ్చింది. నిన్న సూపర్వైజరు ముందు పెట్టిన చుక్కకి అర్థం, ఇక్కడే, ఈ కిటికీలోనే నడువు అని. అందుకే నడిచింది. ఆ చుక్క పెట్టకుండా ఒక్కసారి, ఒకే ఒక్కసారి నడిపి చూసి ఉంటే నిన్ననే తెలిసేది.

మాటల్ని ఎక్స్‌పోర్ట్ చేసే ఆజ్ఞ ఒకటి ఉంది. ఈ కిటికీలోంచి పుట్టే షెల్‌లన్నిటికీ ఈ మాటలు అందాలి అని చెప్పడం అది. అది కొట్టాడు. చుక్క లేకుండా స్క్రిప్టుని చేత్తో నడిపాడు. నడిచింది. గడియారానికి వదిలి చూశాడు. ఫోను మోగింది, ఫిర్యాదుల డెస్కు. "బాబూ, మళ్ళీ పంపు పోయిందట."

గడియారం ఈ కిటికీలోంచి పుట్టింది కాదు. కిటికీ తన పిల్లలకి ఎంత పంచిపెట్టినా, దారిన పోయే గడియారానికి ఏం అందుతుంది? ఆఖరికి మూడు మూటల్నీ విప్పి విడిగా ఒక ఫైలులో పెట్టి, స్క్రిప్టు నెత్తి మీద ఒకే ఒక్క వరస రాశాడు: ముందు ఫలానా చోట ఉన్న ఆ ఫైలు చదువు, తర్వాతే పని మొదలుపెట్టు. గడియారం లేపింది. బొమ్మలు వెళ్ళాయి. డెస్కు నుంచి ఫోను రాలేదు.

ఒక్క వరస. ఒక చుక్క, ఫైలు ఉన్న చోటు, అంతే. అక్క సూదికి దారం ఎక్కించేంత సేపు కూడా పట్టదు.

పైకి వెళ్ళేసరికి అక్క నిద్రపోతోంది. బావ బల్ల మీద కూర్చుని నలిగిన వేలిని చూసుకుంటున్నాడు.

"బావా, నావల్లే" అన్నాడు గొణుగుడు. "బొమ్మ వెళ్ళలేదు. నా స్క్రిప్టుకి నా ఫంక్షన్లు తెలీవు. నేను చెప్పలేదు దానికి."

"అంటే కరెంటు పోయిందా?"

"కాదు బావా. కరెంటు ఉంది. అన్నీ ఉన్నాయి. నా కిటికీలో ఉన్న మాటలు దానికి..."

"నెట్టు పోయిందా?"

"లేదు. నేనే..."

"సిస్టమన్నాక ప్రాబ్లం వస్తుందిలేరా" అన్నాడు బావ, అతని భుజం మీద చెయ్యేసి. "నువ్వేం చేస్తావు. మొన్న మా సైటులో లిఫ్టు కూడా ఇంతే."

గొణుగుడు ఇంకో రకంగా చెప్పబోయాడు. ఆ చెయ్యి భుజం మీద బరువుగా, ప్రేమగా ఉంది. తిట్టేవాడు దొరికినా బాగుండేది. అతను చేసిన తప్పుకి పేరు తెలిసినవాళ్ళు ఆ భవనంలో ఇంకెవరూ లేరు. సూపర్వైజరు కూడా కాగితంలో "సాంకేతిక కారణం" అని రాసి వదిలేశాడు. నెల తిరక్కుండానే, ఇక మనిషి అక్కర్లేదు కదా అని మెట్ల కింద గదికి తాళం వేయించి, గొణుగుణ్ణి ఫిర్యాదుల డెస్కులో కూర్చోబెట్టాడు.

అక్క బతికింది. కుడి కాలు ఈడుస్తూ నడుస్తుంది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటుంది, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా. ఎదుటివాళ్ళు చెప్పింది చాలావరకు అర్థమవుతుందని డాక్టరు చెప్పాడు. లోపల మాటలుంటాయట, బయటికి వచ్చే దారే ఉండదట. రోజూ అలవాటు చేయిస్తే కొన్ని రావచ్చట.

ఒకటి వచ్చింది. "పంపు."

నీళ్ళు కావాలన్నా పంపు. దీపం తీసెయ్యమన్నా పంపు. మొగుణ్ణి పిలిచినా అదే, తమ్ముణ్ణి పిలిచినా అదే. ఒక్కోసారి అదే మాట నాలుగైదు రకాల గొంతులతో అనేది. ఒకసారి బతిమాలినట్టు, ఒకసారి కసిరినట్టు. ఒకసారి పూర్తి వాక్యం చెప్పినట్టు చేత్తో విరుపులు పెట్టి మరీ చెప్పింది. బావ నవ్వేవాడు. "మూడింటిలో ఒకటి మిగిలిందిరా. నా అదృష్టం, తుడు మిగల్లేదు." నవ్వి, అవతలికి తిరిగి మొహం తుడుచుకునేవాడు.

ఆ ఆదివారం గొణుగుడు షాపు గది తలుపులు తీశాడు. అక్క వస్తానని గొడవ చేస్తే బావ నడిపించుకొచ్చాడు. కిటికీ పక్కన మిషను ఆనాడు పెట్టిన చోటే ఉంది, మీద సున్నపు పొడి. ఆమెని ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి బావ టీ తేవడానికి వెళ్ళాడు.

గొణుగుడు ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, ఆ రోజు బొమ్మ ఆగిపోయింది నావల్లేనే. డాక్టరు తప్పు కాదు, కరెంటు కాదు. నేను మాటలు చెప్పడం మర్చిపోయాను. నీ మాటలే. స్క్రిప్టుకి చెప్పలేదు."

అక్క అతన్ని చాలాసేపు చూసింది. ఎడమ చెయ్యెత్తి అతని తల మీద పెట్టబోయిందో, వెనక ఉన్నదేదో చూపించిందో.

"పంపు" అంది.

"ఎవర్ని? నన్నా?"

"పంపు. పంపు." గడ్డం ఎత్తింది. కనుబొమలు ముడుచుకున్నాయి. అది కోపమో ఏడుపో, ఏదైనా కావాలని అడగడమో అతనికి తెలీలేదు. పెంచిన అక్క, వీధి పేరు చెప్పకుండా మూట చేతికిస్తే ఇల్లు వెతికి ఇచ్చొచ్చినవాడు తను. అయినా తెలీలేదు.

లేచి మంచినీళ్ళు ఇచ్చాడు. తోసేసింది. కత్తెర ఇచ్చాడు. కాదు. దారపు కండెలు ఒక్కొక్కటే తీసి చూపించాడు, ఎర్రది, నల్లది, తెల్లది. టేపు. సుద్దముక్క. మిషను మీది పొడి తుడిచి చూపించాడు. తలుపు వైపు నడిచి, "వెళ్ళనా?" అన్నాడు. "పంపు" అంది అక్క, ఇంకా గట్టిగా, మెడ నరాలు తేలేలా, కళ్ళ నిండా నీళ్ళతో. అతను వెనక్కొచ్చి పెట్టె మొత్తం నేల మీద బోర్లించాడు. గుండీలు, సూదులు, పిన్నులు, పాత గుడ్డముక్కలు. మోకాళ్ళ మీద వంగి, ఒక్కొక్కటే ఎత్తి ఆమె మొహం ముందు పెడుతూ, "ఇదా అక్కా? ఇదా?" అని గొణుగుతూ వెతుకుతూనే ఉన్నాడు.